ప్రొబేషన్‌లో మధ్యవర్తిత్వం: ఎవరి కోసం, ఎంతవరకు?

గత సంచికలో ప్రొబేషన్ చట్టం, అంటే దోషిని జైలుకు పంపకుండా షరతులతో, అధికారి పర్యవేక్షణలో బయటే ఉంచే చట్టం గురించి రాస్తూ, నేరం చేసినవారిని, దానివల్ల నష్టపోయినవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి కొన్ని దేశాల్లో ప్రొబేషన్ వ్యవస్థలో భాగంగా ఉందని ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ ఒక్క వాక్యం మీదనే ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటిని, రాసినవారి వివరాలు బయటపడకుండా కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మేము కెనడాలో కిచెనర్ నగరంలో ఉంటున్నాము. పోయిన చలికాలంలో ఇంటి ముందు నిలిపిన మా కారు అద్దాలు ఎవరో పగలగొట్టారు. పోలీసులు పదిహేడేళ్ల అబ్బాయిని పట్టుకున్నారు. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ అబ్బాయి తప్పు ఒప్పుకున్నాడట, మాకు ఇష్టమైతే మధ్యవర్తి సమక్షంలో మా ఎదుట కూర్చుని మాట్లాడతాడట. ఇదంతా కేసు మాఫీ చేయించుకునే ఎత్తు, వెళ్లవద్దని మావారు అంటున్నారు. నాకు వెళ్లాలనీ ఉంది, భయమూ ఉంది. వెళ్లకపోతే మాకేమైనా ఇబ్బంది వస్తుందా?
— ఒక పాఠకురాలు, కిచెనర్

జవాబు: ఏ ఇబ్బందీ రాదు. ఆ ఉత్తరం ఆహ్వానమే తప్ప సమన్లు కాదు. మీరు రానంటే అక్కడి అధికారులు ఆ అబ్బాయి విషయంలో వేరే మార్గం చూస్తారు. మీరు వెళ్లనందువల్లనే అతని భవిష్యత్తు పాడయిందనే బరువును మీరు నెత్తిన పెట్టుకోనక్కరలేదు. మధ్యలో లేచి వచ్చేయడానికి కూడా మీకు హక్కు ఉంది.

మీకు ఉత్తరం వచ్చిన ఊరికీ ఈ పద్ధతికీ దగ్గరి సంబంధం ఉంది. కిచెనర్‌కు కాస్త ఉత్తరాన ఎల్మైరా అనే చిన్న పట్టణం ఉంది. 1974 మే నెలలో ఒక రాత్రి 18, 19 ఏళ్ల యువకులు ఇద్దరు తాగిన మత్తులో 22 చోట్ల ఆస్తులను ధ్వంసం చేశారు. కార్ల టైర్లు కోశారు, కిటికీల అద్దాలు పగలగొట్టారు. కోర్టులో 22 ఆరోపణలనూ ఒప్పుకున్నారు. శిక్ష ఖరారు చేసే ముందు వారి గురించి నివేదిక రాయవలసిన బాధ్యత మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ అధికారి మీద పడింది. వీరు తాము నష్టపరిచినవారి ముఖాలు చూసి మాట్లాడితే ఏమైనా మేలు జరుగుతుందేమోనన్న ఆలోచనను, మెన్నోనైట్ క్రైస్తవ సంఘంలో పనిచేసే మరొకరితో కలిసి, ఆయన జడ్జి గోర్డన్ మెక్‌కొనెల్ ముందు పెట్టారు. అలా చేయడానికి చట్టంలో ఆధారం లేదని జడ్జి మొదట అన్నారు. తరువాత మనసు మార్చుకుని, శిక్షను నెల రోజులు వాయిదా వేసి, బాధితులను కలిసి రమ్మని యువకులను పంపించారు.

ఆ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తట్టింది, తాము ఎవరో ఏం చేశారో చెప్పుకున్నది వాళ్లే. అధికారి, ఆయన తోడు వచ్చినవారు నోటు పుస్తకాలు పట్టుకుని కొంచెం వెనుకగా నిలబడ్డారు. ఊరు విడిచి వెళ్లిపోయిన ఒకరు తప్ప మిగిలిన 21 మందినీ కలిశారు. మొత్తం నష్టం సుమారు 2,200 డాలర్లని, అందులో దాదాపు సగం బీమా వల్ల భర్తీ అయిందని లెక్క తేలింది. జడ్జి ఒక్కొక్కరికీ 200 డాలర్ల జరిమానా, ప్రొబేషన్ విధించి, మిగిలిన నష్టాన్ని చెరిసగం, అంటే తలా 550 డాలర్ల చొప్పున, బాధితులకు చెల్లించమన్నారు. కొద్ది నెలల్లోనే వాళ్లు మళ్లీ అవే గుమ్మాల ముందుకు వెళ్లి ఆ సొమ్ము ముట్టజెప్పారు. నేడు అనేక దేశాల్లో ఉన్న బాధిత-నేరస్థ మధ్యవర్తిత్వానికి ఆ ఇల్లిల్లూ తిరగడమే నాంది అని చెబుతారు.

ఈ ఉదంతాన్ని చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు కాని, అందులో ఒక లోపం ఉందని నా అభిప్రాయం. ఆనాడు నేరుగా వెళ్లి తలుపు తట్టారు. తన ఇంటి అద్దం పగలగొట్టినవాడు తలుపు తీయగానే ఎదురుగా నిలబడి ఉంటే, ఒంటరిగా ఉన్న ఒక వృద్ధురాలికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇవాళ శిక్షణ పొందిన ఏ మధ్యవర్తీ అలా చేయరు. మీకు ముందు ఉత్తరం రావడం, ఇష్టమేనా అని అడగడం ఆ మొదటి ప్రయత్నం తరువాత వచ్చిన మార్పులే.

మీవారి అనుమానంలో నిజం లేకపోలేదు. ఆ అబ్బాయికి దీనివల్ల లాభమే. కెనడాలో 2003 నుంచి అమలులో ఉన్న బాలనేరస్థుల చట్టం ప్రకారం, తీవ్రత తక్కువగా ఉన్న నేరాల్లో కోర్టు విచారణకు బదులు ఇటువంటి మార్గాలకు పంపవచ్చు. అయితే తాను చేయలేదని చెప్పేవారిని అలా పంపడానికి వీలులేదు, బాధ్యత ఒప్పుకోవాలి, ఇష్టపడి రావాలి, ముందుగా న్యాయవాదిని సంప్రదించే అవకాశం ఇవ్వాలి. అలా ఒప్పుకున్న మాటను తరువాత కోర్టులో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడకూడదు. కాబట్టి అతను మీ ముందు నోరు విప్పి నిజం చెప్పే అవకాశం కోర్టు బోనులో కన్నా ఇక్కడే ఎక్కువ.

వెళ్లదలచుకుంటే ఒక మాట. మధ్యవర్తి మొదట మిమ్మల్ని ఒంటరిగా కలుస్తారు. అప్పుడే మీ షరతులన్నీ చెప్పండి. తలుపుకు దగ్గరగా ఎవరు కూర్చోవాలి, మొదట ఎవరు మాట్లాడాలి, అతని తల్లిదండ్రులు గదిలో ఉండాలా వద్దా, మీకు తోడుగా ఎవరు వస్తారు, ఏ విషయం ఎత్తకూడదు అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కాని, సమావేశం సాఫీగా సాగేదీ చెడేదీ వాటి దగ్గరే. డబ్బు విషయంలో ఒప్పందం కుదిరితే, నష్టం భర్తీ చేస్తానని మాత్రం రాయించుకోవద్దు. బీమా పోగా మీ చేతినుంచి పడిన మొత్తం ఎంత, ఎన్ని వాయిదాల్లో, ఏ తేదీకి, ఎవరి ద్వారా ఇస్తాడు అన్నది వివరంగా రాయించండి. ఇంకొకటి, ఆ అబ్బాయి పేరుగాని ఫొటోగాని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మైనరు గుర్తింపును బయటపెట్టడం అక్కడి చట్టప్రకారం నేరం.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. క్రికెట్ మైదానంలో జరిగిన గొడవలో ఎదురింటి కుర్రవాడిని బ్యాటుతో కొట్టగా అతని చెయ్యి విరిగింది. కోర్టు నేరం రుజువైందని తీర్పు ఇచ్చి, మొదటి తప్పు కనుక జైలుకు పంపకుండా రెండేళ్ల బాండు మీద ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో విడుదల చేసింది, నష్టపరిహారం కట్టమంది. కట్టేశాము. మావాడు ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుతానంటాడు. మా వకీలు గారు ఆ గుమ్మం తొక్కవద్దంటారు. పెద్దమనుషులను పంపిద్దామా? వాళ్లు క్షమిస్తే కేసు కొట్టివేస్తారా?
— ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ వకీలు గారు చెప్పింది పాటించండి. పెద్దమనుషులను అసలే పంపకండి. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, దోషిగా తేలినవాడి తరఫున నలుగురు వచ్చి వరండాలో కూర్చుంటే అవతలివారికి అది బెదిరింపుగానే తోస్తుంది. వాళ్లు ఒక ఫిర్యాదు ఇచ్చారంటే బాండు షరతులు ఉల్లంఘించారన్న మాట వస్తుంది. అప్పుడు 1958 నాటి ప్రొబేషన్ చట్టం సెక్షన్ 9 కింద కోర్టు మీ అబ్బాయిని పిలిపించి, పాత నేరానికి శిక్ష విధించవచ్చు. మొదటిసారి ఉల్లంఘన అయితే బాండును కొనసాగనిచ్చి జరిమానాతో సరిపెట్టే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ జరిమానా 50 రూపాయలకు మించకూడదట. 1958లో రాసిన ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఏ మార్గం ఎంచుకోవాలన్నది కోర్టు ఇష్టం.

మీ రెండో ప్రశ్నకు జవాబు కాదనే. తీర్పు రాకముందు, కొన్ని నేరాల్లో బాధితుడు, కొన్నింటిలో కోర్టు అనుమతితో బాధితుడు, రాజీ పడవచ్చు. ఎముక విరిగిన గాయం కేసు కోర్టు అనుమతితో రాజీకి వీలైన వాటిలో ఒకటి. అప్పీలు పెండింగులో ఉంటే పై కోర్టు అనుమతితో అప్పుడూ వీలుంటుంది. కాని తీర్పు వచ్చి, అప్పీలు లేకుండా స్థిరపడిన తరువాత, అవతలివారు ఎంత మనస్ఫూర్తిగా క్షమించినా నేర నిర్ధారణ చెరిగిపోదు. మీ అబ్బాయి ఉద్యోగం గురించి మీకు బెంగ ఉంటే, దానికి ఆధారం క్షమాపణలో లేదు, సెక్షన్ 12లో ఉంది. ప్రొబేషన్ మీద విడుదలైనవారికి నేర నిర్ధారణ వల్ల సాధారణంగా వచ్చే అనర్హతలు వర్తించవని ఆ సెక్షన్ చెబుతుంది.

మరి లాభమేమీ లేకపోయినా మీవాడు క్షమాపణ అడగదలచుకున్నాడంటే, ఆ కోరికకు విలువ ఉంది. దానికి మార్గం ఇలా ఉంటే బాగుంటుంది. అతను తన చేతివ్రాతతో ప్రొబేషన్ అధికారికి ఒక విన్నపం రాయాలి. అందులో అవతలివారిని ఏమీ కోరకూడదు, వారికి ఇష్టమైతే తాను వారి మాట వినడానికి సిద్ధంగా ఉన్నానని మాత్రమే ఉండాలి. మన చట్టంలో ప్రొబేషన్ అధికారికి మధ్యవర్తిత్వం చేసే అధికారమని విడిగా లేదు. కాని సెక్షన్ 14 ప్రకారం ఆయన విధుల్లో పర్యవేక్షణతో పాటు, కోర్టు విధించిన పరిహారం చెల్లింపులో దోషికి సలహా, సహాయం ఇవ్వడం కూడా ఉంది. ఆ విధి నిర్వహణలో ఆయన అవతలి కుటుంబాన్ని ఎలాగూ పలకరించవలసి వస్తుంది. వారు సరే అంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ జాబితాలో ఉన్న శిక్షణ పొందిన మధ్యవర్తి ద్వారా, కోర్టు ఆవరణలోని మధ్యవర్తిత్వ కేంద్రంలో కలిసే ఏర్పాటు చేయమని అడగవచ్చు. బాండులో ఆ ఇంటి వైపు వెళ్లరాదన్న షరతు ఉంటే, ప్రొబేషన్ అధికారి దరఖాస్తు మీద కోర్టు షరతులు మార్చడానికి సెక్షన్ 8 వీలు కల్పిస్తుంది. ఆ మార్పు జరగకముందు అడుగు వేయవద్దు.

వారు వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. మూడు నెలల తరువాత మళ్లీ అడగడం, పండక్కి మిఠాయి పంపడం వంటివి చేయకూడదు. చెయ్యి విరిగిన కుర్రవాడికి మీవాడి మనశ్శాంతి కోసం సమయం కేటాయించే బాధ్యత లేదు.

ప్రశ్న: నేను సోషల్ వర్క్ విద్యార్థినిని. ప్రొబేషన్ అధికారే మధ్యవర్తిగా కూడా ఉంటే తప్పేమిటి? నేరం చేసిన వ్యక్తి గురించి ఆయనకే కదా అందరికన్నా ఎక్కువ తెలుస్తుంది?
— విశాఖపట్నం

జవాబు: ఎక్కువ తెలియడమే ఇక్కడ చిక్కు. ప్రొబేషన్ అధికారి వారం వారం కలిసేది దోషిని. అతని ఇంటి పరిస్థితి, తాగుడు, ఉద్యోగం అన్నీ ఆయనకు తెలుసు. అతను బాగుపడితే అది తన పనికి మంచి పేరు. అటువంటి వ్యక్తి బాధితుల దగ్గరకు వెళ్లి "ఒకసారి కలవండి" అన్నప్పుడు, ఆ మాట ఎంత మృదువుగా అన్నా, అది తన క్లయింటు తరఫున అడిగినట్లే ఉంటుంది. అటు దోషి వైపు నుంచి చూసినా అదే ఇబ్బంది. తన బాండును రద్దు చేయించగల అధికారి ఎదుట కూర్చుని అతను మనసు విప్పి ఏం మాట్లాడతాడు? నచ్చే మాటలే మాట్లాడతాడు.

ఈ చిక్కును రెండు దేశాలు రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. చెక్ రిపబ్లిక్‌లో 2000లో చేసిన చట్టంతో, 2001 జనవరి 1 నుంచి, న్యాయశాఖ కింద ప్రొబేషన్, మధ్యవర్తిత్వ సేవ అనే ఒకే సంస్థ పనిచేస్తోంది. రెండు పనులూ ఆ సంస్థ అధికారులవే. నేరం జరిగిన కొద్ది రోజులకే, విచారణ మొదలుకాకముందే, ఇరుపక్షాలనూ పలకరించి నష్టం భర్తీకి దారి వెతకడం వారి పనిలో భాగం. ఆ విధంగా కుదిరిన ఒప్పందాన్ని బట్టి ప్రాసిక్యూటరు గాని కోర్టు గాని కేసును షరతులతో ఆపివేసే వీలుంది. దీనివల్ల వేగం వచ్చింది, జిల్లాల దాకా మనుషులు దొరికారు. అయితే అదే అధికారి మీద రెండు టోపీలు ఉండటం గురించిన చర్చ మాత్రం ఆగలేదు.

ఆస్ట్రియాలో 1985లో బాలనేరస్థుల కేసులతో ప్రయోగంగా మొదలుపెట్టి, 1988లో బాలనేరస్థుల చట్టంలో చేర్చి, 2000 నుంచి పెద్దల కేసులకు కూడా చట్టంలో చోటిచ్చారు. ప్రొబేషన్ సేవలు నడిపే నాయ్‌స్టార్ట్ అనే సంస్థే అక్కడ మధ్యవర్తిత్వమూ నడుపుతుంది కాని, మధ్యవర్తులు వేరు, ప్రొబేషన్ అధికారులు వేరు. కేసును పంపేది ప్రాసిక్యూటరు. మన దేశంలో ఎప్పుడైనా దీన్ని తెస్తే ఆస్ట్రియా పద్ధతికే నా ఓటు. మన జిల్లా ప్రొబేషన్ అధికారుల మీద ఇప్పటికే బాలల కేసుల సామాజిక నివేదికలు, పర్యవేక్షణ, కోర్టు వాయిదాలు ఉన్నాయి. వాటిమీద ఇది కూడా పెడితే చివరికి ఒక ఫారం నింపి సంతకాలు తీసుకునే తంతుగా మిగులుతుంది.

మీరు దీనిమీద ప్రాజెక్టు రాస్తున్నారేమో తెలియదు కాని, రాస్తే ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలి 2002లో ఆమోదించిన మూలసూత్రాలు తప్పక చదవండి. ఇరుపక్షాల స్వేచ్ఛాయుత సమ్మతి, ఎప్పుడైనా విరమించుకునే హక్కు, ఇరువురి మధ్య బలాబలాల తేడాను గమనించడం, ఒప్పందం కుదరకపోతే ఆ కారణాన్ని విచారణలో దోషికి వ్యతిరేకంగా వాడకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ప్రశ్న: నేను పదేళ్లు సర్పంచిగా చేశాను. దొంగతనమైనా, కొట్లాట అయినా రచ్చబండ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి, తప్పు చేసినవాడిచేత తప్పు కట్టించి, చేతులు కలిపించి పంపేవాళ్లం. మనం ఎప్పుడో చేసిన పనిని వేరే దేశాల పద్ధతి అని మీరు రాయడం ఏమిటి?
— ఒక మాజీ సర్పంచ్, ప్రకాశం జిల్లా

జవాబు: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలన్న తెలివిడి మన పెద్దలకు ఉన్న మాట వాస్తవం. చాలా తగవులు అలా తీరాయి కూడా. కాని మీరు రాసిన వాక్యాన్నే మళ్లీ చదవండి. కూర్చోబెట్టింది మీరు, తప్పు ఎంతో తేల్చింది మీరు, చేతులు కలిపించింది మీరు. నష్టపోయినవాడు ఏమన్నాడో మీ ఉత్తరంలో లేదు.

ఇద్దరి దగ్గరా ధరావతు కట్టించుకుని మొదలుపెట్టే పంచాయతీలో తీర్పు పెద్దమనుషులది. దానికి ఒప్పుకోకపోతే ధరావతు పోతుంది, ఊళ్లో మాట పోతుంది. మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం ఉండదు, ఎంత ఇవ్వాలో చెప్పే అధికారమూ ఉండదు. నచ్చని బాధితుడు లేచి వెళ్లిపోతే కేసు యథాతథంగా కోర్టులోనే ఉంటుంది, అతనికి పోయేదేమీ లేదు. లేచి వెళ్లగలగడమే ఇక్కడ అసలు పరీక్ష. పొలం కౌలుకు ఇచ్చిన ఆసామి కొడుకు కొడితే, కౌలుదారు రచ్చబండ దగ్గర లేచి వెళ్లగలడా? కులం, అప్పు, కూలి, నీటివంతు, ఇవన్నీ ఆ రాయిమీద మనతోపాటే కూర్చుంటాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో, సెక్షన్ 19 ద్వారా, పద్దెనిమిదేళ్లు దాటిన దోషులకు ప్రొబేషన్ చట్టం వర్తించకుండా చేశారు. "పోనీలెండి, మనవాళ్లే" అనే సర్దుబాటు ఎవరి వీపు మీద జరుగుతూ వచ్చిందో తెలిసే అలా చేశారని అనుకుంటున్నాను.

స్టేషన్‌లో ఎస్సై గారి బల్ల ముందు తెల్లకాగితం మీద రాయించుకునే రాజీలను కూడా కొందరు పాఠకులు ఈ కోవలోకే చేర్చారు. వాటికి దీనికి పోలిక లేదు. లోక్ అదాలత్ కూడా వేరే. రాజీకి వీలులేని నేరాలను పరిష్కరించే అధికారం దానికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇవ్వలేదు.

ప్రశ్న: భార్యను కొట్టిన కేసుల్లో, ఆడపిల్లలపై అఘాయిత్యాల కేసుల్లో కూడా ఇలా ఎదురెదురుగా కూర్చోబెడతారా? వింటేనే ఒళ్లు మండుతోంది.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అత్యాచారం కేసుల్లో మన దేశంలో ఆ ఆలోచనకే తావు లేదు. 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, అటువంటి కేసుల్లో రాజీ అన్న ఊహే రాకూడదని చెప్పింది. అయినా 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, లైంగిక వేధింపు కేసులో నిందితుడికి బెయిలు ఇస్తూ, రాఖీ పండుగనాడు మిఠాయిలతో బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసి, బెయిలు పేరుతో నిందితుడికి బాధితురాలికి మధ్య కలయిక ఏర్పాటు చేయరాదని, రాజీని, పెళ్లిని, మధ్యవర్తిత్వాన్ని కోర్టులు సూచించరాదని ఆదేశించింది. ఆ రాఖీ షరతులో నేను రాస్తున్న పద్ధతికి ఉండవలసినది ఒక్కటీ లేదు. ఆమెను ఎవరూ అడగలేదు, ముందు సన్నాహం లేదు, తటస్థ వ్యక్తి లేరు, పైగా కలయిక జరగవలసింది ఆమె ఇంట్లో.

గృహహింస విషయంలో ప్రపంచమంతా ఒకే మాట మీద లేదు. ఆస్ట్రియాలో తీవ్రత తక్కువగా ఉన్న దంపతుల కేసుల్లో ఇద్దరు మధ్యవర్తులు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, పనిచేస్తారు. ఆమె భార్యతో, అతను భర్తతో విడివిడిగా మాట్లాడతారు. తరువాత నలుగురూ ఒక గదిలో కూర్చున్నప్పుడు దంపతులు మాట్లాడరు, తాము విన్నదాన్ని మధ్యవర్తులిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటారు, భార్యాభర్తలు వింటారు. తాను చేసింది మరొక మగవాడి నోట విన్నప్పుడు భర్త తోసిపుచ్చలేడన్నది అందులోని ఎత్తుగడ. వినడానికి బాగానే ఉంది. కాని ఆ పద్ధతి వెనుక ఏళ్ల శిక్షణ ఉంది, పరిస్థితి బెడిసికొడితే వెళ్లి తలదాచుకోవడానికి ఆశ్రయం ఉంది. అవి రెండూ లేనిచోట, "కౌన్సెలింగ్" అన్న పేరుతో ఆమెను కాపురానికి పంపించడమే చివరికి జరుగుతుంది. కనుక మన దగ్గర దాన్ని ఇప్పట్లో తేవాలని నేను అనను.

ప్రశ్న: దీనివల్ల నేరాలు తగ్గుతాయని రుజువుందా?
— హైదరాబాద్

జవాబు: కొంత ఉంది. బ్రిటన్ న్యాయశాఖ కోసం షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జొఆనా షాప్లాండ్ బృందం మూడు పథకాలను పరిశీలించి ఇచ్చిన నివేదికల్లో, ముఖాముఖి సమావేశాలకు వెళ్లిన బాధితుల్లో 85 శాతం మంది తృప్తి చెందారని, దోషులు మళ్లీ శిక్షపడే నేరాలు చేసిన సంఖ్య పోలిక సమూహంతో చూస్తే 14 శాతం తక్కువని తేలింది. నాకు ఈ రెండు అంకెల్లో మొదటిదే ముఖ్యంగా కనిపిస్తుంది. నేరాలు తగ్గించే పరికరంగా మాత్రమే దీన్ని చూస్తే, బాధితులను దోషి బాగుపడటానికి వాడుకునే మందుగా మార్చినట్లవుతుంది.

ప్రశ్న: ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన కుర్రాడు, చనిపోయిన మా అమ్మగారి గొలుసు బీరువాలోంచి తీసుకుపోయాడు. పట్టుబడ్డాడు, పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడట. గొలుసు కరిగించేశారు. నాకు డబ్బు మీద ఆశ లేదు, అతని ముఖం చూడాలనీ లేదు. ఆ గొలుసుకు ఉన్న చిన్న లాకెట్టులో అమ్మ ఫొటో ఉంది, దాన్ని ఏం చేశాడో తెలిస్తే చాలు. ఇటువంటిది అడగడానికి దారి ఉందా?
— రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. ముఖం చూడకుండానే అడగవచ్చు. మధ్యవర్తి మీ ప్రశ్నను అతనికి చేర్చి, జవాబును మీకు తెచ్చే పద్ధతి మధ్యవర్తిత్వం ఉన్న చాలా దేశాల్లో ఉంది. చాలామంది బాధితులు దానితోనే సరిపెట్టుకుంటారు.

మన చట్టంలో మీకు ఉపయోగపడేది, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని ప్లీ బార్గెయినింగ్ (నిందితుడు నేరం ఒప్పుకుని, తక్కువ శిక్షతో పరిష్కారం కోరడం) అధ్యాయం, సెక్షన్లు 289 నుంచి 300 వరకు. పాత చట్టంలో 2006 నుంచి అమలులో ఉన్నదే స్వల్ప మార్పులతో 2024 జూలై 1 నుంచి ఇందులోకి వచ్చింది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో, నేరం మహిళల మీదగాని పిల్లల మీదగాని జరగనప్పుడు, నిందితుడు కోర్టు అభియోగాలు ఖరారు చేసిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చు. అదే నేరానికి ఇంతకుముందు శిక్ష పడి ఉండకూడదు. అప్పుడు కోర్టు ప్రాసిక్యూటరును, దర్యాప్తు చేసిన పోలీసు అధికారిని, నిందితుణ్ణి, బాధితుణ్ణి సమావేశానికి పిలిచి, అందరికీ ఆమోదయోగ్యమైన పరిష్కారం వెతకడానికి 60 రోజుల వరకు గడువిస్తుంది. పరిష్కారం కుదిరితే బాధితుడికి పరిహారం ఇప్పించి, నిందితుణ్ణి ప్రొబేషన్ మీద విడుదల చేసే అధికారం కోర్టుకు ఉంది. బాధితుడు కూర్చుని మాట్లాడే సమావేశం, ప్రొబేషన్ ఒకే చోట కలిసే సందర్భం మన చట్టంలో నాకు తెలిసి ఇదే.

దరఖాస్తు చేయవలసింది అతను, మీరు కాదు. కాని అటువంటి దరఖాస్తు వస్తే తాను సమావేశానికి సుముఖమని, పరిహారం కన్నా ముందు లాకెట్టు గురించి సమాధానం కావాలని, నేరుగా కలవదలచుకోలేదని ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఈ విషయం అతని తరఫు వకీలుకు ఏపీపీ ద్వారానే తెలియనివ్వండి, మీరు ఫోన్ చేయకండి. ఆ కరిగించిన దుకాణం ఏదో పోలీసుల పంచనామాలో ఉండే అవకాశం ఉంది కనుక ముందుగా ఆ కాగితం నకలు తీసుకోండి. కరిగించేవారు రాళ్లు, ఫొటోలు, లక్క వంటివి తీసి పక్కన పడేసిన తరువాతే బంగారాన్ని మూసలో వేస్తారు. ఆ అబ్బాయిని అడిగించవలసిన మొదటి ప్రశ్న, లాకెట్టు ఊడదీసినప్పుడు తాను అక్కడ ఉన్నాడా అని.